తంగేడు ఏ శాఖ కిందికి వస్తుంది?

హైదరాబాద్‌లో బయోడైవర్సిటీ అంటే ఓ కూడలి పేరు. ఫ్లైఓవర్, సిగ్నల్, సాయంత్రం ఆరు దాటితే కదలని కార్లు... అంతే! మా చౌటుప్పల్ నుంచి గచ్చిబౌలి వైపు కొలువులకు పోయే పిల్లలు ‘ఇంకా బయోడైవర్సిటీ కాడనే ఉన్ననమ్మా, లేటయితది’ అని ఇంటికి ఫోన్లు చేస్తుంటారు. ఆ పేరు అక్కడికి ఎందుకొచ్చిందో వాళ్లలో చాలామందికి తెలియదు. తెలుసుకునే తీరికా లేదు.

2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పందంలో చేరిన దేశాల ప్రతినిధులు హైదరాబాద్‌కు వచ్చారు. ఆ వరసలో అది 11వ సదస్సు. 8 నుంచి 19వ తేదీ దాకా కూర్చుని, భూమ్మీది మొక్కల్నీ, పశుపక్ష్యాదుల్నీ, విత్తనాల్నీ కాపాడుకోవడం ఎలా, అందుకయ్యే డబ్బు ఎవరివ్వాలి అని తర్జనభర్జనలు పడ్డారు. దాని గుర్తుగా ఓ పార్కు వెలిసింది. పార్కు పేరు కూడలికొచ్చింది. కూడలి పేరు బస్టాపుకొచ్చింది. సదస్సు సంగతి మాత్రం జనం మరచిపోయారు.

అయితే ఆ మాటకు ఇంకో చిరునామా కూడా ఉంది. మీ ఊరి పంచాయతీ కార్యాలయం. అక్కడి బీరువాలో, ఇంటి పన్ను పుస్తకాల కిందో, జనన మరణాల రిజిస్టర్ పక్కనో అది ఉండాలి. మా ఊళ్లో ఉంది. అందులో కొన్ని పేజీలు రాసినవాణ్ని కాబట్టి ఆ కథ చెప్పాలనిపిస్తోంది.

రాయాల్సింది మీరే సార్!

నేను ముప్పయ్యేళ్లు ప్రభుత్వ బడుల్లో జీవశాస్త్రం చెప్పాను. రిటైరయ్యాక చౌటుప్పల్‌లో ఇల్లు కట్టుకున్నా, పొద్దున్నే బండేసుకుని పక్కనే ఉన్న సొంతూరికి వెళ్లి రావడం అలవాటు. 2019 చలికాలంలో ఓ రోజు పంచాయతీ కార్యదర్శి ఇంటికొచ్చాడు. చిన్నవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. ‘సార్, ఊర్ల ఉన్న మొక్కలు, పశువులు, పురుగు పుట్ర అన్నీ రాయాలంట. జనవరి ఆఖరుకల్లా కావాలంట. మీరైతేనే ఇది అయితది’ అన్నాడు. చేతిలో గళ్లు గళ్లుగా ఉన్న కాగితాల కట్ట. దాని పేరు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్.

తొందర ఎందుకొచ్చిందో కొంచెం చెప్పాలి. మన పార్లమెంటు 2002లో జీవవైవిధ్య చట్టం చేసింది. దాని ప్రకారం పైన చెన్నైలో జాతీయ సంస్థ, మధ్యలో రాష్ట్రానికో బోర్డు, కింద ప్రతి ఊళ్లో, ప్రతి పట్టణంలో ఓ జీవవైవిధ్య కమిటీ ఉండాలి. ఉమ్మడి రాష్ట్రంలో బోర్డు 2006లో ఏర్పడింది. అప్పటి నిబంధనల ప్రకారం ఊరి కమిటీలో అధ్యక్షులు కాక ఆరుగురు సభ్యుల దాకా ఉండే వీలుండేది. వాళ్లలో మూడో వంతుకు తగ్గకుండా మహిళలు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీలు ఉండాల్సి ఉండేది. కమిటీ ముఖ్యమైన పని, ఊళ్లో ఏ జీవం ఉందో, దాని గురించి ఊరికి ఏం తెలుసో రాసిపెట్టడం. చట్టం వచ్చి ఏళ్లు గడిచినా దేశంలో చాలాచోట్ల కమిటీలు లేవు, రిజిస్టర్లు లేవు. దాంతో 2016లో విషయం జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లింది. 2020 జనవరి 31 నాటికి పూర్తి చేయాలని, లేకుంటే రాష్ట్రాలు నెలకు 10 లక్షల రూపాయల చొప్పున జమ చేయాల్సి వస్తుందని 2019 ఆగస్టులో ట్రైబ్యునల్ గట్టిగా చెప్పింది. తెలంగాణలో పంచాయతీలు 12 వేలకు పైనే. ఇక చూడండి హడావుడి! మా ఊరితోపాటు పక్కనున్న మరో మూడు ఊళ్ల పని కూడా నా నెత్తినే పడింది.

పుస్తకంల పేరు, పొయ్యిమీది పేరు

మొదటి రోజు నేను బడి పద్ధతిలోనే బయల్దేరాను. కుటుంబం పేరు, శాస్త్రీయ నామం, వాడుక పేరు. వెంట కమిటీలోని ఒక పెద్దామె వచ్చింది. డెబ్భై దాటిన అవ్వ, ముప్పయ్యేళ్ల కింద నా స్టూడెంట్ ఒకడికి తల్లి. చేను గెట్టు మీద ఓ మొక్క చూపించి నేను పేరు చెబితే నవ్వింది. ‘అది పుస్తకంల పేరు సారూ. మాకిది కూర’ అంది.

ఆ ఒక్క పూటలో ఆమె పదిహేడు కూరల పేర్లు చెప్పింది. తుమ్మికూర, చెంచలి, గంగవాయిలి, పొన్నగంటి, దొగ్గలి... ఒక్కటీ ఎవరూ విత్తనమేసి పెంచినది కాదు. తొలకరి పడగానే జొన్నచేలో, ఆముదం చేలో వాటంతట అవే వచ్చేవి. ఏ కూర బాలింతకు మంచిదో, ఏది ఎండు చేపలతో వండాలో, ఏది పూత రాకముందే కోసుకోవాలో ఆమె దగ్గర లెక్కుంది. ఆ లెక్క ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

‘ఇప్పుడు దొరుకుతున్నయా అవ్వా?’ అన్నాను.

‘గడ్డిమందు కొట్టినంక ఏడియి సారూ? పత్తిచేన్ల కూర ఏరుకుంటే మందు తిన్నట్టే’ అంది.

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలంటే ఒకప్పుడు ఆముదానికి పెట్టింది పేరు. ఎర్రనేల, తక్కువ వాన, లోతుకు పోయే వేరు. ఆముదం సాళ్ల మధ్య కంది, పెసర, అలసంద ఉండేవి. అది పోయి పత్తి వచ్చింది. పత్తికి కలుపంటే పడదు. మనిషి కూలీ పెరిగింది, మందు డబ్బా చవకైంది. దాంతో కలుపుతోపాటు కూరా పోయింది, గునుగూ పోయింది. బతుకమ్మ పేర్చే గునుగు పొలాల్లో మొలిచే కలుపు మొక్కే మరి! అదిప్పుడు పండగ ముందు ఎల్బీనగర్ రోడ్ల మీద కట్టలు కట్టి అమ్మే సరుకైంది. మా చౌటుప్పల్‌లోనూ గునుగును కొనుక్కునే రోజులొచ్చాయి.

రిజిస్టర్‌లో ‘ప్రస్తుత స్థితి’ అని ఓ గడి ఉంటుంది. ఆ గడిలో నేను ఎక్కువసార్లు రాసిన మాట ‘అరుదు’.

గొంగడి లెక్క

పశువుల పేజీ దగ్గరికొచ్చేసరికి కురుమల ఇళ్లకు వెళ్లాను. ఒకాయన తన మందలో మిగిలిన నల్ల గొర్రెలను వేరు చేసి చూపించాడు. దక్కనీ గొర్రె. ఒంటి నిండా ముతక ఉన్ని. మైళ్లకు మైళ్లు నడుస్తుంది, ఎండిన గుట్ట మీద కూడా ఏదో ఒకటి మేసి బతుకుతుంది. ఆ ఉన్నితోనే మన గొంగడి. వానలో గొడుగు, చలిలో దుప్పటి, చేను కాడ పరుపు. మా తాత గొంగడి మూడు తరాలు కప్పుకున్నాం.

2017 జూన్‌లో రాష్ట్రంలో గొర్రెల పంపిణీ పథకం మొదలైంది. ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు. ఖర్చులో 75 శాతం ప్రభుత్వానిదే. ఎన్నో ఇళ్లకు అది ఆసరా అయింది, కాదనను. కానీ గొర్రెల్ని పక్క రాష్ట్రాల నుంచి తెచ్చారు. మా వైపు వచ్చినవాటిలో ఎత్తుగా, నున్నగా ఉండే నెల్లూరు రకమే ఎక్కువ. మాంసానికి మంచిది. ఉన్ని ఉండదు. అంతకుముందే నెల్లూరు పొట్టేళ్లతో దాటించడం వల్ల దక్కనీ మందలు పలచబడుతున్నాయి. ఆ తర్వాత మరీ తగ్గాయి.

‘సార్, నీ పుస్తకంల మా నల్ల గొర్రెను కాపాడాలె అని రాస్తున్నవు గదా. మరి గా పథకం రాసినోళ్లకు ఈ పుస్తకం చూపెట్టిన్రా?’ అని అడిగాడు ఆయన.

నిజానికి పథకం ముందు వచ్చింది, మా రిజిస్టర్ తర్వాత వచ్చింది. అయినా ఆయన ప్రశ్న తప్పు కాదు. ఒక చేత్తో కాపాడాలని రాస్తూ, ఇంకో చేత్తో దాని చోటు ఇంకొకదానికి ఇచ్చేస్తే ఎలా? ఇందులో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఒకరు ఆదాయం చూశారు, ఒకరు జాతిని చూశారు. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోలేదు, అంతే.

కూర్చుంటే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా మన పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. నల్లమల మీది అమ్రాబాద్ ప్రాంతంలో పొడ తూర్పు అనే పశువులున్నాయి. తెల్లని ఒంటి మీద గోధుమ రంగు పొడలు. దుక్కికి గట్టి ఎడ్లు. కురుమూర్తి జాతరలో వాటికోసం రైతులు దూరాల నుంచి వస్తారు. ఏళ్ల తరబడి వాటిని ‘జాతి లేని నాటు పశువులు’ కిందే జమకట్టారు. పెంపకందారులు, వాళ్లతో పనిచేసిన స్వచ్ఛంద సంస్థ, రాష్ట్ర జీవవైవిధ్య బోర్డు, పశువైద్య విశ్వవిద్యాలయం కలిసి కొలతలు తీసి, లెక్కలు కట్టి పంపితే 2020లో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ దాన్ని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ మందలు కాలాన్ని బట్టి నల్లమలలోకి మేతకు పోవాలి. అదేమో పులుల అభయారణ్యం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది. పులికి నిశ్శబ్దం కావాలి, ఆవుకు మేత కావాలి. పులిని కాపాడేదీ సంరక్షణే, ఆవును కాపాడేదీ సంరక్షణే. రెండు సంరక్షణలు ఒకే పచ్చిక మీద ఎదురుపడితే ఎవరు సర్దిచెప్పాలి? ఏ నెలలో ఎంత మంద ఏ దారిన పోవాలో తేల్చాల్సింది అడవి అధికారి ఒక్కడూ కాదు, పశువుల డాక్టరు ఒక్కడూ కాదు. ఇద్దరితోపాటు చెంచు పెంటల్లోని పెద్దలు, మందల కాపరులు కూడా.

నాలుగు ఊళ్లు, ఒకే నీళ్లు

చెరువు పేజీలు రాయడానికి నాకు అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది. చేపలు పట్టేవాళ్లు కట్ట మీద కూర్చోబెట్టి కొర్రమీను, బొమ్మిడాయి, జెల్ల, పరక అని వరసగా చెప్పారు. పైఊరి కుంట నిండి అలుగు పోస్తే ఆ నీళ్లు మా చెరువులోకి, మా అలుగు నీళ్లు కిందిఊరి చెరువులోకి. కాకతీయుల కాలం నుంచీ మన తెలంగాణ చెరువులు ఇలా గొలుసుకట్టుగానే ఉన్నాయి. వరదకు ఎదురెక్కే చేపకు పంచాయతీ సరిహద్దు తెలియదు. కానీ రిజిస్టర్‌కు తెలుసు! నాలుగు ఊళ్లవి నాలుగు పుస్తకాలు. పైఊళ్లో వాగు ఒడ్డున ఏం కలిసినా కిందిఊరి పుస్తకంలో ‘చేపలు తగ్గినవి’ అనే మాటగా తేలుతుంది. కారణం ఒక పుస్తకంలో, ఫలితం ఇంకో పుస్తకంలో.

నేను నాలుగు ఊళ్ల కమిటీ సభ్యుల్నీ ఒక ఆదివారం మా చెరువు కట్ట మీదికి పిలిచాను. పన్నెండు మంది వచ్చారు. చాయ్ తాగి, కాగితం మీద నాలుగు ఊళ్ల నీళ్ల దారిని గీశాం. గవర్నమెంటు ఇచ్చిన ఫారాల్లో దానికి గడి లేదు. అయినా నాలుగు రిజిస్టర్ల వెనుక అట్టకూ ఆ పటాన్ని అంటించాం. నా దృష్టిలో ఆ నాలుగు పుస్తకాల్లో పనికొచ్చే పేజీ ఏదైనా ఉంటే అదే.

అప్పుడే ఓ పెద్దమనిషి నవ్వులాటగా అన్న మాట ఇప్పటికీ మరచిపోలేను. ‘చెరువుల నీళ్లు ఒక ఆఫీసోళ్లవి. చేపలు ఇంకో ఆఫీసోళ్లవి. శిఖం భూమి మూడో ఆఫీసోళ్లది. కట్ట మీద తాడిచెట్టు ఆబ్కారోళ్లది. ఆ తాడి తొర్రల గుడ్లు పెట్టిన పాలపిట్ట అడివి ఆఫీసోళ్లది. మరి చెరువు ఎవరిది సారూ?’

అందరం నవ్వాం. తాటిచెట్టు మీద గీత కోసం వేసిన నంబరు ఉంటుంది. మొదలెండిన చెట్టుకు నంబరుతో పనిలేదు కాబట్టి కొట్టేస్తారు. పాలపిట్ట గూడు పెట్టేది సరిగ్గా అలాంటి మోడుబారిన తాటి తొర్రలోనే. 2014లో పాలపిట్టను రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్నాం. దసరానాడు చూసి దండం పెట్టుకుంటాం. అది ఉండే ఇల్లు మాత్రం ఏ దస్త్రంలోనూ లేదు.

రెండెకరాల తంగేడు

ఇక అసలు సంగతి. మా చెరువు శిఖం పక్కన రాళ్లూ రప్పలూ ఉన్న రెండెకరాల చెలక ఉంది. కాగితాల్లో అది ‘ఖాళీ జాగా’. కళ్లతో చూస్తే తంగేడు వనం. మధ్యలో రేగు, బలుసు, పరికి పొదలు. తంగేడును మేకలు పెద్దగా ముట్టవు, అందుకే ఎవరూ కాపలా లేకుండా బతికింది. ఆశ్వయుజం ముందు ఆ చెలకంతా పసుపు పూసినట్టు ఉంటుంది. నాలుగు ఊళ్ల ఆడవాళ్లు పూవుకు అక్కడికే వచ్చేవారు. రిజిస్టర్‌లో దానికి ఒక పేజీ కేటాయించాను.

2021 వానాకాలంలో ఓ పొద్దున అవ్వ మనవడు ఫోన్ చేశాడు. ‘సార్, తంగేడు చెలకల జేసీబీ దిగింది’ అని. వెళ్లేసరికి దాదాపు సగం చదునైంది. ఎందుకంటే... మొక్కలు నాటడానికి! అవును, చెట్లు పెంచడానికి చెట్లు పీకుతున్నారు. నాటాల్సిన మొక్కల లక్ష్యం ఉంది, ఖాళీ జాగా కావాలి, కాగితంలో ఇది ఖాళీగా ఉంది. డ్రైవర్ తప్పేం లేదు. పంపినవాళ్లూ పచ్చదనం కోసమే పంపారు.

నేను రిజిస్టర్ చంకన పెట్టుకుని మూడు ఆఫీసులు తిరిగాను. మొదటిచోట ‘భూమి మాది కాదు, నాటడం వరకే మాది’ అన్నారు. రెండోచోట ‘భూమి మాదే, కానీ తంగేడు ఏ శాఖ కిందికి వస్తుంది? అది పంట కాదు, కలప కాదు, రక్షిత అడవిలో లేదు’ అన్నారు. మూడోచోట ఓ అధికారి రిజిస్టర్ మొత్తం ఓపికగా తిరగేసి, ‘బాగా రాశారు మాస్టారూ. కానీ ఇది మా దగ్గరికి ఎప్పుడూ రాలేదే!’ అని ఆశ్చర్యపోయాడు. ఆయన ఆశ్చర్యం నిజమైనదే. ఊళ్లో రాసినది పై ఆఫీసుకు లెక్క కోసం వెళ్లింది. పక్క ఆఫీసుకు ఉపయోగం కోసం వెళ్లలేదు.

పని జరిగింది ఆఫీసుల్లో కాదు. ఆ మర్నాడు సాయంత్రం ఆడవాళ్లు చెలక దగ్గరికి వచ్చారు. గొడవేమీ చేయలేదు. మిగిలిన తంగేడు ముందు వరసగా కూర్చున్నారు. అవ్వ సర్పంచ్‌ను పిలిపించి, ‘బిడ్డా, మా పూవు ఏడికెల్లి తేవాల్నో నువ్వే చెప్పు’ అంది. వారం తిరక్కుండానే గ్రామసభ పెట్టారు. రిజిస్టర్‌లోని పేజీ చదివి వినిపించాను. మిగిలిన సగాన్ని ముట్టకూడదని తీర్మానం రాశారు. మొక్కలు బడి వెనుక ఉన్న బోడి నేలకు మారాయి. అక్కడ నాటింది కానుగ, నేరేడు, వేప.

పీకేసిన ఎకరం తిరిగి పచ్చబడలేదు. పైమట్టి పోయింది, రాయి తేలింది. ఆ ఏడాది బతుకమ్మకు పూవు సరిపోలేదు. ఉన్నదాన్ని నాలుగు ఊళ్లవాళ్లు పంచుకున్నారు.

మా చౌటుప్పల్ పక్కనే లక్కారం దగ్గర అటవీ శాఖ పెంచిన పార్కు పేరు తంగేడువనం. జపాన్ వృక్షశాస్త్రవేత్త మియావాకీ చెప్పిన పద్ధతిని మన నేలకూ ఖర్చుకూ తగ్గట్టు మార్చి, స్థానిక జాతుల్నే ఒత్తుగా నాటారు. దానికి యాదాద్రి నమూనా అని పేరొచ్చింది. ఇతర రాష్ట్రాల అధికారులు కూడా వచ్చి చూసి వెళ్లారు. సెలవు రోజుల్లో పిల్లల్ని తీసుకెళ్లి చూపించదగ్గ చోటు. మరోపక్క ఊళ్లలో, రోడ్ల మధ్యలో ఏళ్ల తరబడి కోనోకార్పస్ నాటారు. అది మన దేశపు మొక్కే కాదు. త్వరగా పెరుగుతుంది, పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు. దాంతో వచ్చే ఇబ్బందుల మీద ఫిర్యాదులు పెరిగాక 2022లో ఇక నాటొద్దని స్థానిక సంస్థలకు చెప్పారు. నాటేముందు రిజిస్టర్‌లోని వంద పేర్లలో ఓ పదింటిని చూసుకుని ఉంటే? ఒక చోట తెలిసిన సంగతి ఇంకో చోటికి చేరకపోవడం ఖరీదైన వ్యవహారం.

అమరచింత వేపాకు

‘రాస్తే ఏమొస్తది సార్?’ అని మా ఊళ్లో చాలామంది అడిగారు. వాళ్లకు నేను అమరచింత కథ చెప్పేవాణ్ని. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఊరు అది, ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది. అక్కడి నుంచి ఓ కంపెనీ 2,000 కిలోల వేపాకును జపాన్‌కు పంపింది. జీవవైవిధ్య చట్టం ప్రకారం ఆ కంపెనీ నుంచి జాతీయ సంస్థ రాయల్టీ వసూలు చేసి, 55 వేల రూపాయలకు పైగా ఆ ఊరి కమిటీకి ఇచ్చింది. వేప మొక్కలు నాటడానికీ, జనానికి తెలియజెప్పడానికీ. మన వాకిట్లో రాలే వేపాకుకు ఊరికి వాటా రావడం! మొత్తం చిన్నదే. కానీ ఊరికి కమిటీ లేకపోతే ఆ చిన్న మొత్తం తీసుకునే చెయ్యే లేదు.

అలాగని ఒక గుర్తింపు వస్తే చాలనుకోవడానికీ లేదు. సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. పట్టణ ప్రాంతపు చెరువుకు ఆ గౌరవం దక్కడం దేశంలో అదే మొదటిసారి. ఆ తర్వాత కూడా మురుగునీరు, ఆక్రమణల వార్తలు ఆగలేదు. బోర్డు పెట్టడం ఒకరి పని, మురుగు మళ్లించడం ఇంకొకరిది, హద్దులు కొలవడం మూడోవారిది. ముగ్గురూ కదిలితేనే పక్షికి నీళ్లు.

2022 డిసెంబరులో మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలు మళ్లీ కూర్చుని, 2030 నాటికి భూమిలో, సముద్రంలో 30 శాతాన్ని కాపాడాలని అనుకున్నాయి. మంచి మాటే. ఆ ముప్పై శాతంలో పులుల అడవులుంటాయి, పెద్ద సరస్సులుంటాయి. మా ఎకరం తంగేడు ఉంటుందా? మన దక్షిణ తెలంగాణ మెట్ట నేలల్లో జీవం దట్టమైన అడవుల్లో కంటే గెట్టు మీద, శిఖంలో, గుట్ట వాలులో, బండల సందుల్లోనే ఎక్కువ మిగిలింది. అవన్నీ కాగితాల్లో ఖాళీ జాగాలు, బంజర్లు, పోరంబోకులు. చౌటుప్పల్ చుట్టూ హైవే వెంబడి ఫ్యాక్టరీలు, వెంచర్లు పెరిగే కొద్దీ మొదట పోయేవి అవే.

కలిపి కుట్టే దారం

ఐదారేళ్లుగా ఈ పని వెంట తిరిగాక నాకు అర్థమైంది ఒక్కటే. మనకు చట్టం కొరత లేదు, పథకాల కొరత లేదు, మొక్కల ప్రేమికుల కొరత అంతకన్నా లేదు. ఉన్న ముక్కల్ని కలిపి కుట్టే దారం లేదు. ఆ పని హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో జరుగుతుందని ఎదురుచూసి లాభం లేదు. పై స్థాయి సమావేశాల్లో శాఖలు కలుస్తాయి, మనుషులు కలవరు. ఊళ్లో అయితే పశువుల డాక్టరు, వ్యవసాయ అధికారి, అటవీ బీట్ అధికారి, చేపల సంఘం అధ్యక్షుడు... అందరూ ఒకే చాయ్ హోటల్లో కనిపిస్తారు. కావాల్సింది ఏడాదికి ఒక్కరోజు, తొలకరికి ముందు, నాటడాలూ తవ్వడాలూ పంచడాలూ మొదలవకముందే, ఆ రిజిస్టర్‌ను మధ్యలో పెట్టుకుని కూర్చోవడం. ఈ ఏడాది ఎవరెవరు ఏమేం చేయబోతున్నారో చెప్పుకుని, ఏ పేజీలోని దేనికి దెబ్బ తగులుతుందో చూసుకోవడం. ఒకే వాగు మీది ఊళ్లు కలిసి కూర్చుంటే ఇంకా మంచిది.

మేం 2022లో, 2023లో అలా కూర్చున్నాం. మొదటిసారి ఇద్దరు అధికారులు వచ్చారు, రెండోసారి నలుగురు. ఆ నలుగురిలో ఒకరి వల్లే చెరువు పూడిక తీసేటప్పుడు ఓ మూల తుంగను, జమ్మును అలాగే వదిలేశారు. చలికాలంలో నీటికోళ్లు అందులోనే పిల్లల్ని తిప్పాయి. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి, పంచాయతీలు ప్రత్యేక అధికారుల చేతికి వెళ్లాయి. మా కమిటీకి అధ్యక్షులు లేరు. ఆ ఏడాది కూర్చోవడం కుదరలేదు. కార్యదర్శి కూడా బదిలీ అయ్యాడు. దారం ఎంత సన్ననిదో అప్పుడు తెలిసింది. మనుషులు మారితే తెగిపోతుంది. అందుకే దాన్ని ఒకరిద్దరి ఉత్సాహానికి వదిలేయకుండా గ్రామసభ ఆనవాయితీగా మార్చుకోవాలి. బోనాలకు తేదీ ఉన్నట్టు దీనికీ ఒక తేదీ ఉండాలి.

అవ్వ ఇప్పుడు లేదు. ఆమె చెప్పిన పదిహేడు కూరల్లో పదకొండింటిని ఆమె కోడలు గుర్తుపడుతుంది, మనవరాలు నాలుగింటిని. ఆ పిల్ల ఇంటర్ చదువుతోంది. పోయిన వానాకాలం నాతో వచ్చి, రిజిస్టర్‌లో పేర్ల పక్కన అతికించడానికి ఫోన్‌తో ఫొటోలు తీసింది. అయిదో కూరను తనే వెతికి పట్టుకుంది.

మీరు ఏ ఊరివారైనా సరే, ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు పంచాయతీ కార్యాలయానికి వెళ్లి ‘మన ఊరి జీవవైవిధ్య రిజిస్టర్ ఒకసారి చూపిస్తారా?’ అని అడగండి. పట్టణమైతే మున్సిపల్ ఆఫీసులో అడగండి. అక్కడివాళ్లు ముందు మీ ముఖం చూస్తారు, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆ తర్వాత బీరువా తాళంచెవి వెతుకుతారు. ఓపికగా నిలబడండి. వెతకనివ్వండి.